మాడులో పోటు

రోజూ పొద్దున్నే ఇంట్లో పసిబిడ్డకి నీళ్లు పోసి, మాడుకి ఆముదం అద్ది, ఆ మెత్తటి చోట వీరాయమ్మ చెవి ఆనించేది. వాళ్లింట పుట్టిన ప్రతి బిడ్డ మాడులోనూ గోదావరి ఆటుపోట్లు వినపడేవి. సఖినేటిపల్లిలో అదేం వింత కాదు. వాళ్లింట్లో పసిబిడ్డ ఉన్నన్నాళ్లూ పడవవాళ్లు రేవుదాకా పోకుండా, గుమ్మంలోనే నిలబడి, "నీరెక్కుతోందా తీస్తోందా? పోటా, పాటా?" అని అడిగేవారు. ఆవిడ విని చెప్పేది. మాడు పూడాక ఆ చప్పుడు ఆగిపోయేది. మళ్లీ ఆ ఇంట్లో పురుడొచ్చేదాకా ఎవరి తిప్పలు వాళ్లవి.

తొంభై ఎనిమిదిలో ఆవిడ కొడుకు ధనరాజుకి మగపిల్లాడు పుట్టాడు. ఇరవయ్యో రోజున వాడి తలలో పోటు మొదలై మరి తగ్గలేదు. రేవులో నీరు తీసి బురద తేలినా వాడికి మాత్రం పోటే. పాలు తాగడం మానేశాడు. మాడు ఉబ్బింది.

కోడలు సత్యవతి ఇక ఆగలేక, మొగుణ్ణీ అత్తగారినీ బయల్దేరదీసి, పంటు మీద గోదావరి దాటి బిడ్డని నరసాపురం తీసుకెళ్లింది. డాక్టరమ్మ రేవతి మాడు తడిమి చూసి, చెవి ఆనించి, తలకి స్కానింగు తీయాలంది.

వీరాయమ్మ బిడ్డ మాడు మీద చెయ్యి అడ్డం పెట్టింది. "మాడు మీద మిషను పెడతారా అండి?"

"అక్కడ ఇంకా ఎముక కలవలేదు మామ్మగారూ. అందుకే అక్కణ్ణించి లోపలిదంతా కనపడుతుంది. ఇది ఎక్స్‌రే కాదు. మన చెవికందని చప్పుడు పంపించి చూస్తాం, అంతే. పురిటిపిల్లలకి భయం లేదు."

"వాడి తలలో ముందే చప్పుడుందండి. దాని మీద ఇంకో చప్పుడు పంపితే తట్టుకుంటాడా?"

"ఆ చప్పుడు నేనూ విన్నాను. పోటుందని చెవికి తెలిసింది. ఎందుకుందో కంటితో చూడాలి కదా."

వీరాయమ్మ ససేమిరా అంది. నలభై ఏళ్లుగా ఆ ఇంటి పిల్లలందరినీ విన్న మనిషి. పోటన్నాక పాటు రాకుండా ఎక్కడికి పోతుంది? ఎల్లుండే పౌర్ణమి, ఆ రోజు పాటు గట్టిగా తీస్తుంది, అన్నీ అవే సర్దుకుంటాయంది. తల్లి మాట ఏనాడూ కాదనని ధనరాజు బిడ్డని భుజానేసుకున్నాడు. డాక్టరమ్మ వీధిదాకా వెంట వచ్చింది.

"రేపటిదాకా కూడా ఆగకండి. మామ్మగారిని ఒప్పించి వెంటనే తీసుకురండి."

"ఆయ్, అలాగేనండి," అన్నాడు ధనరాజు. సత్యవతి పంటు మీద ఏడుస్తూనే ఉంది.

పౌర్ణమి వెళ్లింది. మర్నాడు పొద్దున బిడ్డ కాళ్లూ చేతులూ కొట్టుకుని కళ్లు తేలేశాడు. ఈసారి వీరాయమ్మే అందరికంటే ముందు రేవుకి పరుగెత్తింది.

నర్సు దూదితో ఆముదం తుడిచి, మాడుకి చల్లటి జెల్లు రాసింది. డాక్టరమ్మ చేతిలో ఇమిడే పరికరమొకటి అక్కడ ఆనించి అటూ ఇటూ వాల్చింది. బిడ్డ ఉలిక్కిపడలేదు. ఏమీ కాలేదు. తాంబూలం నమిలేంత సేపట్లో అయిపోయింది.

"అంతేనాండీ?" అంది వీరాయమ్మ.

"అంతే మామ్మగారూ."

ఈ కాస్త దానికా తను మూడు రోజులు అడ్డం పడింది! తన చెంపలు తానే వాయించుకోవాలనిపించింది. తలలో రక్తం చేరిందనీ, అప్పుడే చూసుంటే వేరే సంగతనీ, ఇప్పుడు కాకినాడ తీసుకెళ్లి ప్రయత్నం చెయ్యాల్సిందేననీ డాక్టరమ్మ ధనరాజుకి చెప్పి, తనే టాక్సీ పిలిపించింది.

టాక్సీ ఊరు దాటాక, వీరాయమ్మ ఒళ్లో ఉన్న బిడ్డ మాడుకి చెవి ఆనించింది. లోపల నీరు తిరిగింది. ఇన్నాళ్లూ ఆవిడ మొక్కుకున్న చప్పుడే. ఎక్కడా తడబడకుండా వెనక్కి తీస్తోంది.

"ఏం వినపడతంది అత్తయ్యా?" సత్యవతి ఆత్రంగా అడిగింది.

"పాటేనమ్మా."

"తిరిగిందా!" మూడు రోజుల తరవాత సత్యవతి నవ్వింది. ముందు సీట్లో ధనరాజు రెండు చేతులూ ఎత్తి దణ్ణం పెట్టుకున్నాడు.

వీరాయమ్మ తల ఎత్తలేదు. ఎత్తితే కోడలు తన మొహం చూస్తుంది. పాటు ఆగడం లేదు. రేవులు దాటి, నది మొగ దాటి, సముద్రంలోకి లాగేస్తూనే ఉంది. బిడ్డ అరికాళ్లు చల్లబడుతున్నాయి. ఆ పిల్ల నవ్వినంతసేపైనా నవ్వనీ అనుకుని, ఆవిడ ఆ పాదాలని కొంగులో చుట్టి, చెవి అక్కడే ఉంచుకుంది.