నాలుగో చక్రాల కుర్చీ

నాకు రెండు కాళ్ళున్నాయి. రెండూ పనిచేస్తాయి. ముప్పై నాలుగేళ్ళు కరెంటు స్తంభాలు ఎక్కి దిగిన కాళ్ళు. అరవై తొమ్మిదో ఏట కూడా రోజుకు ఆరు మైళ్ళు నడుస్తాను, ఎవరూ అడగకపోయినా.

అల్లుడు నాకు చక్రాల కుర్చీ బుక్ చేశాడు.

సెలవులకు ఏదో ఒక ద్వీపానికి పోదామని అమ్మాయి ఆరేళ్ళుగా మొగుణ్ణి అడుగుతోంది. ఇన్నాళ్ళకు అతను సరేనన్నాడు. నన్నూ రమ్మన్నారు. మీ ఇద్దరూ వెళ్ళిరండర్రా, మధ్యలో నేనెందుకు అన్నాను. "ఒక్కడివే ఇంట్లో కూర్చుని గోడలతో పోట్లాడతావు, రా నాన్నా" అంది అమ్మాయి. నిజమే. గోడలు ఎదురు చెప్పవు, అందుకే వాటితో నాకు పడుతుంది. అయినా కూతురు పిలిచింది కదా అని బయలుదేరాను. అల్లుడు ఎందుకు పిలిచాడో విమానాశ్రయం గుమ్మంలో తెలిసింది.

లోపల క్యూ మూడు మెలికలు తిరిగి ఉంది. అల్లుడు దాని వంక కన్నెత్తి కూడా చూడలేదు. పక్క కౌంటరుకి వెళ్ళి ఏదో చెప్పాడు. కుర్చీ వచ్చింది.

"కూర్చోండి మామయ్యా."

"ఎందుకు?"

"క్యూ ఉండదు. కుర్చీ వెనకాలే మేమూ పోవచ్చు. తోడు మనిషినని నా పేరు రాయించాను."

"నా కాళ్ళకేమొచ్చింది?"

"ఏం రాలేదు. వచ్చిందని రాశాం, అంతే."

"ఎంత వచ్చిందని రాశావు?"

"అడుగు కూడా వేయలేరని. అలా రాస్తేనే విమానం తలుపు దాకా తీసుకెళ్తారు మామయ్యా. కాస్త నడుస్తారంటే మెట్ల దగ్గరే వదిలేస్తారు."

అల్లుడు ఒక కంపెనీలో అమ్మకాల విభాగానికి పెద్ద. నలుగురితో పాటు నిలబడేవాడు తెలివితక్కువవాడని అతని గట్టి నమ్మకం. పెళ్ళి భోజనాల దగ్గర కూడా చేతులు కడుక్కునే వాళ్ళ వరసలో అతణ్ణి నేను చూడలేదు. వడ్డించే వాళ్ళ వైపు నుంచి వస్తాడు.

అమ్మాయి నా వైపు చూడలేదు. సంచి జిప్పు వేసింది, తీసింది, మళ్ళీ వేసింది. తప్పని తెలిసినప్పుడు దానికి ఏదో ఒక పని దొరుకుతుంది. ఆరేళ్ళు అడిగి సంపాదించుకున్న సెలవు. మొదటి గంటలోనే నేను గొడవపడి చెడగొట్టడం ఎందుకని కూర్చున్నాను.

కుర్చీ తోసే మనిషికి యాభై దాటాయి. ఎడమ మోకాలు వంగడం లేదు. అతను కుంటుతూ తోశాడు. కాళ్ళున్న నేను ఊరేగాను.

మొదటి విమానం తొమ్మిది గంటలు. నాకు మధ్య సీటు. ముందు సీటాయన వెనక్కి వాలి నా ఒళ్ళో పడుకున్నాడు. కన్నతల్లి ఒళ్ళో కూడా అంత నిశ్చింతగా పడుకుని ఉండడు. ఒక డబ్బా చేతిలో పెట్టి భోజనమన్నారు. మూత తీస్తే ఆవిరి వచ్చింది. ఆవిరి పోయాక చెప్పుకోదగ్గది ఏమీ మిగల్లేదు.

నాలుగో గంటలో లేచాను. అమ్మాయి చెయ్యి పట్టుకుంది.

"ఎక్కడికి నాన్నా?"

"ఆకాశంలో ఎక్కడికి పోతానే? బాత్రూముకి."

"నువ్వు నడవలేవు కదా. వాళ్ళు చూస్తే?"

"నడవలేనని మీ ఆయన రాశాడు, సరే. నా పొత్తికడుపుకి చదువు రాదే."

అల్లుడు అటు పక్క నుంచి వంగాడు. "కుంటండి మామయ్యా" అన్నాడు గుసగుసగా. "కాస్త కుంటండి. మీకు పుణ్యముంటుంది."

వెళ్ళేటప్పుడు ఎడమ కాలు ఈడ్చాను. వచ్చేటప్పుడు మరిచిపోయి కుడికాలు ఈడ్చాను. నీళ్ళ గ్లాసులు పంచే అమ్మాయి నా రెండు కాళ్ళ వంకా మార్చి మార్చి చూసింది. నవ్వు ఆపుకోవడం వాళ్ళ ఉద్యోగంలో భాగం కాబోలు, ఆపుకుంది.

మధ్యలో ఒకచోట దిగి ద్వీపానికి ఇంకో విమానం ఎక్కాలి. మధ్యాహ్నం దిగాం. మూడింటికి విమానం. బోర్డు మీద మూడు కాస్తా నాలుగైంది. నాలుగు ఐదున్నరైంది. తర్వాత అంకెలు కూడా పోయి, సమాచారం కోసం వేచి ఉండండి అని వచ్చింది. కరెంటాఫీసులో మేమూ అదే మాట చెప్పేవాళ్ళం. లైను ఎక్కడ తెగిందో మాకే తెలియనప్పుడు.

మొత్తం ఆరు కుర్చీలు. ఒక గోడ పక్కన వరసగా నిలబెట్టి, తోసేవాళ్ళు వెళ్ళిపోయారు. సైకిల్ స్టాండులో సైకిలుకైనా టోకెను ఇస్తారు. "మీరు కదలకండి మామయ్యా" అని చెప్పి అల్లుడు దుకాణాలు చూడటానికి పోయాడు. అమ్మాయి నా కాళ్ళ దగ్గర నేల మీద చతికిలబడి ఫోనుకి ఛార్జర్ పెట్టుకుంది.

మూడో కుర్చీలో ఒక బొద్దాయన. గంటకోసారి అటూ ఇటూ చూసి, లేచి, సిగరెట్లు కాల్చుకునే గదికి చకచకా వెళ్ళి వచ్చి, మళ్ళీ మూలుగుతూ కూర్చునేవాడు. ఒకసారి నాకు కన్ను కొట్టాడు కూడా. ఇద్దరం ఒకే బడిలో చదువుకున్నట్టు.

ఆరో కుర్చీలో ఒక ముసలాయన. ఎముకల గూడు. వెంట ఎవరూ లేరు.

నా పక్కన, ఐదో కుర్చీలో ఒకావిడ. రెండు మోకాళ్ళూ బాగా ఉబ్బి ఉన్నాయి. వెనకాల ఆవిడ భర్త. దర్జీ అట. చూపుడు వేలి చివర చర్మం మొద్దుబారి ఉంది. ఆవిడ కుర్చీని ఇంకొకరిని ముట్టుకోనివ్వడు, తనే తోస్తాడు.

"అన్నయ్యగారికి ఎన్నాళ్ళయింది ఇలా అయి?" అని అడిగింది ఆవిడ.

"పొద్దున్నించి" అన్నాను.

"అయ్యో, ఉన్నట్టుండి వచ్చిందా?" అన్నాడు దర్జీ. "పక్షవాతమా?"

"కాదు. అల్లుడు."

దర్జీకి అర్థం కాలేదు. ఆవిడకి అయింది. నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. తిట్టలేదు. తిడితే బాగుండేది.

తర్వాత తన సంగతి చెప్పింది. ఆవిడకి ఒక చెల్లెలు. చాలా దూరంలో ఉంటుంది. పదకొండేళ్ళుగా ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు. చెరి సగం దూరం వచ్చి ద్వీపంలో కలుసుకుందామనుకున్నారు.

"ఎల్లుండి సాయంత్రం అది వెళ్ళిపోతుందన్నయ్యా. దానికి దొరికిన సెలవు అంతే. రెండు రోజులు చాల్లెండి మాకు, కడుపారా పోట్లాడుకోవడానికి."

"ఫోన్లో పోట్లాడుకోవచ్చుగా?"

"ఫోన్లో అయితే అది పెట్టేస్తుంది. ఎదురుగా ఉంటే ఎక్కడికి పోతుంది?"

ఐదున్నరకి కౌంటరు అమ్మాయి వచ్చింది. మెడకు రుమాలు, చేతిలో కాగితం, మొహాన అతికించిన నవ్వు. పెద్ద విమానం పాడైందట. చిన్నది వస్తోందట.

"సీట్లు అందరికీ సరిపోతాయి. కానీ కుర్చీల వాళ్ళని నలుగురినే ఎక్కించుకోవాలి. చిన్న విమానానికి నిబంధన అంతే. ఏదైనా జరిగితే దించడానికి మనుషులు చాలరు."

"మరి మిగతా ఇద్దరు?" అన్నాడు దర్జీ.

"తర్వాతి విమానానికి సార్. గురువారం."

ఆ రోజు సోమవారం.

ముందుగా బుక్ చేసుకున్న వరసలో నాలుగు పేర్లు చదివింది. నాలుగోది నాది. అల్లుడు అప్పుడే చేతిలో కొత్త సంచితో వచ్చాడు. నా భుజం తట్టాడు. "చూశారా మామయ్యా? నాలుగు నెలల ముందే బుక్ చేశాను. ముందుచూపంటే ఇదీ."

దర్జీ కౌంటరు అమ్మాయి వెంట పడ్డాడు. "నేను ఎత్తుకుని ఎక్కిస్తానమ్మా. ఇంట్లో రోజూ ఎత్తుకునేవాణ్ణే. మీరెవరూ చెయ్యి వేయనక్కర్లేదు."

"కుదరదు సార్. కాగితంలో ఏముంటే అదే. నడవలేరని రాసినవాళ్ళు లేచి గెంతినా నేను ఎక్కనివ్వకూడదు. డాక్టరు చూసి సంతకం పెట్టాలి. డాక్టరు రేపు పొద్దున గానీ రారు."

అల్లుడి చెయ్యి నా భుజం మీద బిగిసింది. "విన్నారుగా. కదలకండి."

దర్జీ తిరిగొచ్చి భార్య పక్కన వంగాడు. "పోనీలే. గురువారం పోదాం. సముద్రం ఎక్కడికి పోతుంది?"

"సముద్రం పోదు" అంది ఆవిడ. "అది పోతుంది."

ఏడవలేదు. కుర్చీ చక్రాన్ని చేత్తో పట్టుకుని కూర్చుంది.

నా భార్యకి చివరి ఏడాది నడుము పోయింది. ఆస్పత్రిలో గేటు నుంచి స్కానింగ్ గదికి మూడు స్తంభాల దూరం. నేను దూరాలు స్తంభాల్లోనే కొలుస్తాను. గేటు దగ్గర ఒక కుర్చీ ఖాళీగా ఉంది. "అది అడగండి" అంది. "ఈ కాస్త దూరానికా? నలుగురూ చూస్తే ఏమనుకుంటారు?" అన్నాను. గోడ పట్టుకుని నడిచింది. రెండుసార్లు ఆగింది. నేను పది అడుగులు ముందు నడుస్తూ, వెనక్కి తిరిగి, రా రా అన్నాను. మూడు నెలలకి పోయింది. దానికీ దీనికీ సంబంధం లేదన్నాడు డాక్టరు. డాక్టరు మంచివాడు. గేటు దగ్గర ‘ఈ కాస్త దూరానికా’ అన్నవాణ్ణి మాత్రం నేను క్షమించలేదు. వాడితోనే ఒకే ఇంట్లో కాపురం ఉంటున్నాను.

లేచి నిలబడ్డాను.

కౌంటరు అమ్మాయి చేతిలో కాగితం కిందపడింది. "సార్, సార్, కూర్చోండి, పడిపోతారు!"

"ముప్పై అడుగుల స్తంభం మీద నుంచే పడలేదు. ఈ నేల మీద ఏం పడతాను?"

"మీరు అడుగు కూడా వేయలేరని ఉంది సార్ ఇందులో" అంది కాగితం తీసుకుని.

"అందులో ఉన్నది అబద్ధం."

"ఎవరు రాశారు?"

నేను ఎవరి పేరూ చెప్పలేదు. అల్లుడి మొహం చూస్తే చాలు, చెప్పాల్సిన పని లేదు. అతను నవ్వుతూ ముందుకొచ్చాడు. సరుకు పాడైనప్పుడు కొన్నవాడి ముందు నవ్వే నవ్వు. "మందుల ప్రభావమండీ. అప్పుడప్పుడూ ఇలా ఆవేశం వచ్చి లేస్తారు. కూర్చోండి మామయ్యా, మీకు తెలియడం లేదు."

"ఏమిటి తెలియనిది? నాకు కాళ్ళున్నట్టా?"

చుట్టుపక్కల నలుగురు ఫోన్లు పైకెత్తారు. ఆ అమ్మాయి నా దగ్గరికి వచ్చి గొంతు తగ్గించింది. "సార్, మీరు లేచారంటే మీ చోటు ఐదో వారికి పోతుంది. మీరు డాక్టరు చూశాక గురువారం విమానానికే. మళ్ళీ కూర్చుంటానన్నా నేను ఒప్పుకోను. ఒక్కసారి ఆలోచించుకోండి."

"ఆలోచించాల్సింది ఎప్పుడో ఆలోచించలేదు. ఇప్పుడు అక్కర్లేదు. ఆవిడకి ఇచ్చెయ్యమ్మా."

ఆరో ఆయన ఇంకా అలాగే ఉన్నాడు. మూడో కుర్చీ వైపు తిరిగాను. "మీరేమంటారు?" అని బొద్దాయన్ని అడిగాను. ఆయన కళ్ళు మూసుకుని మూలిగాడు. సిగరెట్ వాసన వేసే మూలుగు. మళ్ళీ అడిగాను. మూలుగు పెద్దదైంది. ఈయన కాళ్ళు చూశానమ్మా, నాకంటే జోరుగా ఉన్నాయి అని కౌంటరు అమ్మాయికి చెప్పాను. "ఆయనంతట ఆయన లేస్తేనే సార్" అంది. ఆయన లేవలేదు. ఆయన ఎక్కాడు, ఆరో ఆయన మిగిలాడు.

"ఇంకో సంగతి సార్" అంది ఆ అమ్మాయి, కాగితం తిరగేస్తూ. "మీతో పాటు మీ తోడు మనిషి కూడా ఆగాలి. మీ అల్లుడి పేరుంది. మేడం వెళ్ళొచ్చు, ఆవిడ మామూలు టికెట్టే."

"ఆవిడా ఆగుతుంది" అన్నాడు అల్లుడు. "ముగ్గురం గురువారం వస్తాం."

"గురువారం వెళ్తే శుక్రవారం తిరుగు ప్రయాణం" అంది మా అమ్మాయి.

"ఏం చేస్తాం మరి? మీ నాన్న చేసిన పని అది."

అమ్మాయి గోడలోంచి ఛార్జర్ పీకి చుట్టింది. సంచిలో పెట్టింది. ఈసారి జిప్పు ఒక్కసారే వేసింది. "నేనెందుకు ఆగడం?"

"అదేంటి? నేను లేకుండా ఒక్కదానివే అక్కడేం చేస్తావు?"

"సెలవు" అంది.

నా దగ్గరికి వచ్చింది. "వెళ్ళనా నాన్నా?"

"వెళ్ళు. మెట్లు చూసుకుని ఎక్కు."

దర్జీ కుర్చీ తోసుకుంటూ నా ముందు ఆగాడు. రెండు చేతులూ ఎత్తబోయాడు. ఆ దండం నాది కాదు. "ముందు పదవయ్యా, తలుపు వేసేస్తారు" అని కసిరాను. ఆవిడ మాత్రం తల తిప్పి అల్లుణ్ణి పైనుంచి కిందికి చూసింది. "తొందరగా నయమవ్వాలి అన్నయ్యా" అంది.

లిఫ్టున్న బండి వాళ్ళను పైకి ఎత్తడం అద్దంలోంచి చూశాను. అమ్మాయి మెట్లెక్కుతూ వెనక్కి తిరిగి చూడలేదు. మంచిది.

హోటలు చీటీలు మూడు ఇచ్చారు. నాకు, అల్లుడికి, ఆరో ఆయనకి. కుర్చీలు తోసేవాళ్ళ పనివేళ అయిపోయిందట, బస్సు దాకా ఆయన్ని తీసుకెళ్ళే దిక్కు లేదు. నా వైపు, అల్లుడి వైపు చూసి, ఏమీ అడక్కుండా తల దించుకున్నాడు.

"తొయ్యి" అన్నాను అల్లుడితో.

తోశాడు. కొత్త సంచి ఎక్కడ పెట్టాలో తెలియక మెడకు తగిలించుకుని తోశాడు. నేను పక్కన నడిచాను. చివరికి ఉండబట్టలేక అడిగాడు.

"ఒక్క అరగంట మామయ్యా. ఇంకొక్క అరగంట కూర్చుంటే మనం ఎక్కేవాళ్ళం. ఎందుకు లేచారు?"

"కాళ్ళు తిమ్మిరెక్కాయి" అన్నాను.

నమ్మాడు.