చెంబుడు పసుపునీళ్లు

ఆయుధపూజ మర్నాడు పొద్దున విశాలాక్షి బయటికి తీసిన పాత కారు రోడ్డెక్కగానే ఎగిరెగిరి పడసాగింది. వెనక బస్సువాడి హారన్ మోతకు ఆమె పైప్రాణాలు పైనే పోయాయి. ఎలాగో తట్టాంచావడిలోని మెకానిక్ ఏకాంబరం షెడ్డు దాకా ఈడ్చుకొచ్చింది.

ఏకాంబరం ఇంజన్ నడుస్తుండగానే ప్లగ్గు వైర్లు ఒక్కొక్కటే పీకి మళ్లీ పెట్టాడు. మొదటి రెండు పీకినప్పుడు ఇంజన్ మరింత కుంటింది. మూడోది పీకితే చప్పుడులో తేడానే రాలేదు.

“సచ్చింది ఇదేనక్కా,” అంటూ ఇంజన్ ఆపి, ప్లగ్గు గుంతలోకి టార్చి వేశాడు. అడుగున పసుపునీళ్లు నిలిచి ఉన్నాయి. “యాడ్నుంచి వచ్చినాయి ఇవి?”

“నిన్న పూజలో బానెట్టెత్తి నేనే చల్లినా.”

“బాగుండాది! కరెంటు పారే చోట నీళ్లు చల్తారా ఎవురన్నా?”

గుంత తుడిచి, గాలి కొట్టి, వైరు బిగించాడు. ఇంజన్ బుద్ధిగా తిరిగింది.

విశాలాక్షికి మాత్రం తమ కొట్టు గుర్తొచ్చింది. నిన్న అదే చెంబుతో ఆమె కొట్టులోని మెయిన్ స్విచ్చుకూ చల్లింది. పూజకని ఆపిన ఆ స్విచ్చును ఈరోజు వేసేది ఆమె మొగుడు.

వెంటనే అతనికి ఫోను చేసింది. కొట్టు తెరిచే వేళ దాటి పావుగంటయింది. అవతల ఫోను మోగుతూనే ఉంది.