ముందు బండి

"ఎడమ పక్క గుంత ఉంది. దాటాక మలుపు. మలుపులో పాల వ్యాను ఆగి ఉంది," అని రేడియోలో చెప్పి ఆమె అద్దంలోకి చూసింది. వంద గజాల వెనక లారీ, దాని వెనక ట్రెయిలరు మీద ముప్ఫై అడుగుల తెరచాప పడవ. స్తంభం ఊడదీసి పడవ మీదే పొడుగ్గా పడుకోబెట్టారు.

"సరే వదినా. చెబుతూ ఉండు," అన్నాడు లారీ నడుపుతున్న మరిది.

ఆమె చిన్న కారుకి ముందర నిలువుగా ఒక కర్ర బిగించి ఉంటుంది. పడవ ఎత్తు కంటే జానెడు ఎక్కువ. కర్రకి పైనున్న కరెంటు తీగ తగిలితే పడవకీ తగులుతుందన్నమాట. ఆ కారు పద్నాలుగేళ్ల కిందటి దాకా ఆమె భర్త నడిపేవాడు. అతను పోయిన నెలకే ఆమె స్టీరింగు పట్టుకుంది. ఇన్ని పడవల్ని రేవుకి చేర్చింది గాని ఒక్కదాంట్లోనూ ఎక్కలేదు. ఎవరైనా అడిగితే, "నేనెక్కితే పడవకే కళ్లు తిరుగుతాయి" అనేది.

మరిది మొదటినుంచీ ముభావి. రెండేళ్లుగా మాత్రం దారంతా ఆమెని మాట్లాడుతూ ఉండమనేవాడు. భార్య పోయి ఇల్లు బోసిపోయింది, మనిషి గొంతు కావాలి కాబోలు అనుకుంది. గేట్లు, గుంతలు, అడ్డొచ్చే కుక్కలు, మధ్యమధ్య పక్కింటివాళ్ల పోట్లాటలు, అన్నీ కలిపి చెప్పేది.

మధ్యాహ్నం ఊళ్లోకి రాగానే రేడియో మూగబోయింది. ముందర రైలు వంతెన. దాని కింద సరిగ్గా నడిమధ్యలో అయితేనే పడవ దూరుతుంది. ఆమె చెయ్యి బయటపెట్టి ఆగమని ఊపింది. లారీ ఆగలేదు. లైట్లు వేసి ఆర్పింది. ఆగలేదు. కారు అడ్డంగా నిలిపి, దిగి, రెండు చేతులూ పైకెత్తి రోడ్డు మీద నిలబడింది. ఆమె నారింజరంగు కోటు అర మైలు దూరానికి కనబడుతుంది.

నాలుగడుగుల ఎడంలో లారీ ఆగింది. మరిది తల బయటపెట్టాడు.

"ఎవరది?" అన్నాడు.

ఆమె ఎత్తిన చేతులు దించింది. "నేనే," అంది.

ఇంజను ఆపించి, తాళంచెవి తీసుకుంది. చక్రాలకి దిమ్మలు పెట్టి, అతన్ని దింపి, గట్టు మీద కూర్చోబెట్టింది.

"ఎన్నాళ్ల నుంచి?"

"కుడికన్ను పోయి రెండేళ్లయింది. ఎడమది ఈ చలికాలం నుంచి మసక."

"నాకెందుకు చెప్పలేదు?"

"చెబితే బండి దిగమంటావు."

"దిగమనే అంటాను. బడి వదిలే వేళకి వచ్చుంటే మన గతేంటి? ఆ పిల్లల గతేంటి?"

"నీ గొంతుందిగా వదినా. అది చాలనుకున్నా."

తాను నవ్వుతూ చెప్పిన కబుర్లని పట్టుకునే రెండేళ్లు ఇంత బరువు రోడ్ల మీద తిరిగింది. షెడ్డుకి ఫోను చేసి ఇంకో డ్రైవరుని పంపమంది.

"ఇంజను పాడైందని చెప్పు," అని బతిమాలాడు మరిది.

ఆమె ఉన్నదున్నట్టు చెప్పింది. అతను తల దించుకున్నాడు.

సాయంత్రం రేవులో క్రేను పడవని ఎత్తుతుంటే మరిది కారులోనే, ఆమె పక్కన కూర్చున్నాడు.

"దింపారా?"

"దింపుతున్నారు. అడుగు తడిసింది. కాస్త ఒరిగింది. ఆ, నిలబడింది."

"తేలిందా?"

"తేలింది."

ఆదివారం అతను కూతురి ఊరికి బస్సెక్కాడు. ఆమె మెట్టు మీద చెయ్యి అందించబోతే తనే తడుముకుని పట్టుకున్నాడు. "వెళ్తాను వదినా," అన్నాడు. వెళ్లొస్తాననలేదు.

మర్నాడు కొత్త డ్రైవరు వచ్చేలోగా ఆమె లారీ ఎక్కి అతని సామాను సర్దింది. తువ్వాలు, నీళ్ల సీసా, ఒక జత చెప్పులు. ఎండకి అడ్డంపెట్టే పలక వెనక ఒక భూతద్దం దొరికింది. దాని పిడికి చుట్టిన టేపు, బొటనవేలు ఆనేచోట, నల్లగా నిగనిగలాడుతూ అరిగిపోయి ఉంది.