నాలుగు వేల పేర్లు

పదకొండింటికి కూర్మారావు రెండోసారి తలుపు తోసుకుని వచ్చాడు.

"దొరికిందా అమ్మీ?"

"పది నిమిషాలు బాబాయ్," అంది రామతులసి, తెర మీంచి కళ్ళు తియ్యకుండా.

గంట కిందట కూడా అవే పది నిమిషాలు. మంచి మనిషి కాబట్టి ఆయన ఇంకోమాట అనకుండా తలుపు దగ్గరగా వేసి వెళ్ళిపోయాడు. తిట్టినా బాగుండేదనిపించింది ఆమెకు.

కోరాపుట్ ఊరి చివర ఉన్న ఆ ట్రస్టు ఆస్పత్రిలో కూర్మారావు రక్త పరీక్షలు చేస్తాడు. శ్రీకాకుళం నుంచి వచ్చి ముప్ఫై ఏళ్ళయింది. ఆ తెల్లవారుజామున ఆయన కూతురు లహరి అక్కడే ప్రసవించింది. బిడ్డ బాగానే ఉంది. తల్లికే రక్తస్రావం ఆగలేదు. ఆమెది బాంబే గ్రూపు, పదివేల మందిలో ఒకరికి ఉంటుందో లేదో. ఆ గ్రూపు వాళ్ళకు ఆ గ్రూపు రక్తమే ఎక్కాలి, మరేదీ పనికిరాదు. విశాఖలో ఒకాయన్ని ముందే మాట్లాడి పెట్టుకున్నారు. కాన్పు మూడు వారాలు ముందుకొచ్చింది, ఆయన కాశీలో ఉన్నాడు. సెలైన్లతో సాయంత్రం దాకా నెట్టుకురాగలనని డాక్టరమ్మ చెప్పింది.

కూర్మారావుకి ఒకటే ఆశ. ఆరేళ్ళ కిందట క్యాంపులో ఇదే గ్రూపున్న ఒక ఆడమనిషి రక్తాన్ని తన చేత్తోనే పరీక్ష చేశాడు. పేరు గుర్తులేదు. గుర్తెందుకు, ఆస్పత్రి రికార్డులు చూసే రామతులసి కంప్యూటర్‌లో నాలుగు వేల మంది దాతలు పేరూ ఇంటి గుర్తులతో సహా ఉండగా?

ఉన్నారు. మొన్నటి ఆదివారం దాకా.

ఆ పట్టికలన్నీ యంత్రం అక్షరాలను గుర్తుపెట్టుకునే పాతకాలపు కేరెక్టర్ సెట్‌లో ఉన్నాయి, కొత్త సాఫ్ట్‌వేర్‌కి సరిపోవు, మార్చమని పైనుంచి ఉత్తరం వచ్చింది. మార్చడం బ్రహ్మవిద్యేమీ కాదు. ఉన్నదంతా ఒక ఫైల్లోకి దింపాలి, కొత్త సెట్‌తో ఖాళీ పట్టికలు కట్టుకోవాలి, ఫైలుని తిరిగి ఎక్కించాలి. కాకపోతే దింపేటప్పుడు ఏ లిపులు వస్తాయో యంత్రానికి ముందే చెప్పాలి. రామతులసి చెప్పలేదు. చెప్పకపోతే అది ఇంగ్లీషొక్కటే అనుకుంటుంది, తనకు తెలియని అక్షరం కనిపించిన చోటల్లా ప్రశ్నార్థకం పెట్టి ముందుకు పోతుంది. మూర్ఖుడైన గుమస్తా అయినా ఒకసారి ఆగి అడుగుతాడు, యంత్రం అడగదు.

నకలు మీద ముందు పరీక్ష చెయ్యలేదా అంటే, చేసింది. కొత్తగా చేరిన అయిదువందల మంది మీద చేసింది. వాళ్ళందరి పేర్లూ ఇంగ్లీషులో ఉన్నాయి. పాతవన్నీ ఆమెకు ముందు ఆ పని చూసిన వరహాలమ్మ గారు ఊరూరా నడిచి తెలుగులో, ఒడియాలో రాయించినవి. ఆవిడ పోయి రెండేళ్ళయింది. కాగితాలు చెదలు తినేశాయి.

అసలు తప్పు వేరే ఉంది. ఆ ఆఫీసులో సరిచూడటం అంటే లెక్క చూడటమే. మందుల పెట్టె వచ్చినా, దుప్పట్లొచ్చినా లెక్కపెట్టి సంతకం పెడతారు, విప్పి చూసేవాడు చాదస్తుడు. ముందు నాలుగు వేల రెండువందల పన్నెండు వరసలు, తరవాతా నాలుగు వేల రెండువందల పన్నెండు వరసలు. "సరిపోయింది" అని రాసి, పాత పట్టికలు చెరిపేసి, ఇంటికెళ్ళి కమ్మగా భోంచేసింది. బస్తాలు లెక్కపెట్టుకుని లోపలున్నది ధాన్యమో ఊకో చూడని షావుకారికీ ఆమెకీ తేడా ఏముంది?

ఇప్పుడు ఆమె ఆఖరి ఆశగా ఆ ఫైలునే తెరిచింది. దాచుకున్నది అదొక్కటే. అందులోనూ అవే ప్రశ్నార్థకాలు. కిందికి జరిపింది, ఇంకా కిందికి జరిపింది, నాలుగు వేల మంది తనని నిలబెట్టి ప్రశ్నలడుగుతున్నట్టు వరసకట్టి ఉన్నాయి.

మూడోసారి కూర్మారావు వచ్చేసరికి పన్నెండు కావస్తోంది.

"బాబాయ్, లేవు," అంది. "పేర్లు లేవు. ఆదివారం నేనే పోగొట్టేశాను. పొద్దున్న తొమ్మిదిన్నరకే తెలిసిపోయింది నాకు. సెప్పడానికి బయమేసింది."

ఆయన గోడకు ఆనుకున్నాడు. ఆ మొహం చూడలేకపోయింది రామతులసి.

"తొమ్మిదిన్నరకా!" అన్నాడు. "పది నిమిషాలు, పది నిమిషాలని రెండున్నర గంటలు తినేసినావు కదే! ముందే సెప్పుంటే ఏ సెట్టో పుట్టో పట్టుకుని ఎతికీవోణ్ణి. అక్కడ నా గుంట సచ్చిపోతన్నాది."

"దాచడం పోగొట్టినదాని కన్నా పెద్ద తప్పు, బాబాయ్. తరవాత సెప్పుతో కొట్టు. ఇప్పుడిది విను. గ్రూపు, ఊరి బ్లాకు ఇంగ్లీషులో ఉన్నాయి, అవి పోలేదు. ఆ మనిషిది బొయిపరిగుడ బ్లాకు. అప్పటికి ముప్ఫై రెండేళ్ళు. ఫోన్ నేదు. ఇయాళ అక్కడ సంత."

ఆస్పత్రి జీపెక్కారు.

బొయిపరిగుడ చేరేసరికి ఒంటిగంట దాటింది. సంత నిండుగా ఉంది, అల్లం గుట్టలూ కోళ్ళూ ఎండుచేపలూ. కొండల మీంచి తెల్లారకముందే బయల్దేరి వచ్చినవాళ్ళు. నాలుగైతే ఒక్కరుండరు. విత్తనాలమ్ముకునే మల్లేశు వ్యాను మీద మైకుంది. కూర్మారావు వెళ్ళి ఆయన చేతులు పట్టుకున్నాడు.

"నీకు దండం పెడతాను బావూ, అరగంట ఇయ్యి."

మల్లేశు సంగతి విని మైకు తీసి రామతులసి చేతిలో పెట్టేశాడు.

ఆమె ఆ కొండల్లో అందరూ మాట్లాడే దేశియాలో, తనకొచ్చినంతలో మొదలుపెట్టింది. ఆస్పత్రి నుంచి వచ్చామంది, ఆరేళ్ళ కిందట రక్తమిచ్చిన ఆడవాళ్ళు వ్యాను దగ్గరికి రమ్మంది. పది మంది వచ్చారు, కూర్మారావు వేలి చుక్క తీసి చూస్తే పదిమందిదీ ఆ గ్రూపు కాదు. మళ్ళీ చెప్పింది. అత్యవసరమంది, బహుమతిస్తామని కూడా అనేసింది. బహుమతనగానే జనం వెనక్కి తగ్గారు. ఊరికే ఇచ్చేవాళ్ళ దగ్గర పుచ్చుకుని ఏం పోగొట్టుకున్నారో వాళ్ళకు తెలుసు. రెండున్నరయింది. కూర్మారావు ఫోన్ మోగింది. విని జేబులో పెట్టుకున్నాడు. అవతల డాక్టరమ్మ. మళ్ళీ పిలవమని రామతులసికి చెయ్యి ఊపాడు.

రామతులసికి అబద్ధాలన్నీ అయిపోయాయి.

"నేను చెప్పినది సరిగ్గా లేదు," అంది మైకులో. "మీ పేర్లు మా దగ్గర ఉండేవి. వరహాలమ్మ రాసుకుంది. నేను వాటిని పోగొట్టాను. కావాలని కాదు, పొగరుతో, చూసుకోకుండా పోగొట్టాను. మీలో ఒకామెది అరుదైన రక్తం. ఆమె పేరు నాకు తెలీదు. పేరు పెట్టి పిలవలేను. అందుకే ఊరందరినీ పిలుస్తున్నాను. అదిగో ఆయన కూతురు, పొద్దున్నే బిడ్డని కంది, చచ్చిపోతోంది."

బేరాలాగాయి. అల్లం గుట్టల మధ్య నుంచి ఒకామె లేచింది. పొట్టిగా ఉంది, మెడలో వెండి కంటె. తక్కెడ పక్కామెకిచ్చి, చేతులు చీరకు తుడుచుకుంటూ వచ్చింది. ఆమె పేరు సుకురి.

"నాదే అనుకుంటా," అంది దేశియాలో. "అప్పుడు పేర్లు రాసుకున్న ఆ అమ్మ, నీ రక్తం వేరమ్మా అని చెప్పింది."

"ఇందాకట్నుంచీ ఇక్కడే ఉన్నారా?"

"పొద్దుట్నుంచీ ఉన్నాను. మీరు అన్నదంతా విన్నాను."

"మరి రాలేదేం?" కూర్మారావు ఏడుపూ అరుపూ కలిసిపోయిన గొంతుతో అడిగాడు.

సుకురి ఆయన వంక వింతగా చూసింది. "నీ పేరు మా దగ్గరుంటుంది, అవసరమైతే పేరు పెట్టి పిలుస్తాం అంది ఆ అమ్మ. ఆరేళ్ళుగా ఎదురు చూస్తున్నాను. మీరు పేరు పిలవలేదు కదా. వేరే ఎవరి కోసమో వచ్చారనుకున్నాను."

రామతులసి మైకు కింద పెట్టేసి మొహం కప్పుకుంది.

కోరాపుట్ చేరేసరికి నాలుగున్నర. కూర్మారావుని కూతురి దగ్గరికి పంపి వేరే ఆయన పరీక్షలు చేశాడు. కలిసింది. ఆరున్నరకి సంచి వేలాడదీశారు. ఎక్కడం మొదలైన గంటకి లహరి నాడి డాక్టరమ్మ వేళ్ళకు ఆనింది. గండం గడిచిందని ఆవిడ అనలేదు, ఇంకో సంచి దొరికితే మంచిదంది. కాశీలో ఉన్నాయన రైలెక్కాడు. కూర్మారావు కూతురి కాళ్ళ దగ్గర కూర్చున్నాడు. రామతులసి వంక తలెత్తి చూడలేదు.

ఆమె బయటికొచ్చింది. బల్ల మీద సుకురి పాలు తాగుతోంది.

"ఇప్పుడు నా పేరు రాసుకున్నారా?"

"రాశానమ్మా."

"మళ్ళీ పోదు కదా?"

పోదు అందామనుకుంది రామతులసి. ఆదివారం కూడా అంత నమ్మకంగానే "సరిపోయింది" అని రాసింది.

"పోవచ్చమ్మా," అంది. "అందుకే ఈసారి మీ ఇల్లు నేనొచ్చి చూసుకుంటాను. మీదే కాదు, అందరివీ. ఎన్ని సంతలు పట్టినా."

సుకురి గ్లాసు కింద పెట్టింది. "మా ఊరికి జీపు రాదు. వాగు దగ్గర దిగి రెండు గంటలు నడవాలి," అంది.