మాట బంద్, నాటు కాదు

నాతో మాట్లాడినవాళ్ళు ఒక మేకపోతును కోసి ఊరందరికీ అన్నం పెట్టాలి. మొన్న ఎండాకాలం చివర్లో మా ఊరి పంచాయితీ చేసిన తీర్మానం అది. నిప్పు బంద్, నీళ్ళు బంద్, మాట బంద్ అన్నారు. నిప్పుకేం, దోర్నపాల్ సంతలో అగ్గిపెట్టెలు దొరుకుతాయి. నీళ్ళకు వాగు ఉంది. మాటతోనే వచ్చింది చిక్కంతా. పుట్టిన దగ్గర నుంచి నేను నోరు మూసుకుని ఎరగను. ఆ సంగతి తెలిసే పెట్టి ఉంటారు ఆ శిక్ష.

నా పేరు సమ్మక్క. వనదేవత పేరు పెట్టుకుని యేసును నమ్మడమేంటని ఇటువాళ్ళు ఎగతాళి చేస్తారు. అటు పాస్టరు గారు బాప్తిస్మం రోజున సారా అని పేరు మారుస్తానన్నారు. "అయ్యగారూ, దేవుడు నన్ను పిలిచిందే సమ్మక్కా అని. ఆయనకు అలవాటైన పేరు మార్చి ఆయన్నెందుకు తికమక పెట్టడం" అన్నాను. ఆయన నవ్వి వదిలేశారు.

ఎర్రబోరు దగ్గర హైవే దిగి నాలుగు కిలోమీటర్లు లోపలికి నడిస్తే మా ఊరు. ఊరు మొత్తం మీద ప్రార్థన చేసే ఇల్లు మాదొక్కటే. అందులోనూ సగమే. మా ఆయన ముత్తయ్య ఆదివారం నన్ను సైకిల్ మీద ఎర్రబోరులో ప్రార్థన జరిగే రేకుల షెడ్డు దాకా తీసుకెళ్తాడు కానీ లోపలికి రాడు. బయట చెట్టు కింద బీడీ కాలుస్తూ కూర్చుంటాడు. మాట బంద్ ఆయనకూ వర్తిస్తుంది. ముందు నుంచీ ఎవరితోనూ మాట్లాడని మనిషి కనుక ఆయనకు పెద్దగా తేడా తెలియలేదు.

గొడవ విత్తనాల పండుగ దగ్గర మొదలైంది. ప్రతి ఏడూ విత్తడానికి ముందు ప్రతి ఇంటి నుంచీ దోసెడు వడ్లు తెచ్చి అమ్మవారి ముందు కుప్ప పోసి కలుపుతారు. పూజ అయ్యాక తలా దోసెడు తీసుకెళ్ళి తమ విత్తనంలో కలుపుకుంటారు. ఈసారి నేను వడ్లు ఇవ్వలేదు. నా విత్తనం మీద నేనే చేతులు పెట్టి ప్రార్థన చేసుకున్నాను. అంతే నేను చేసిన నేరం. ఎవరి దేవుణ్ణీ ఒక్క మాట అనలేదు.

మా ఊరి పటేల్ మాడ మామ పంచాయితీ పిలిచాడు. ఇంట్లో దోర్లి, మాతో తెలుగు, ఆఫీసుల్లో హిందీ మాట్లాడే మనిషి. చెడ్డవాడని నేను అనను. ఒక ఇల్లు పక్కకు జరిగితే రేపు పది ఇళ్ళు జరుగుతాయని, ఊరు ఊరుగా మిగలదని అతని భయం. ఆ భయం నాకు అర్థమవుతుంది, నేనూ ఈ ఊరి దాన్నే కదా. కానీ అతని భయానికి మందు నా వేలిముద్ర అంటే మాత్రం ఒప్పుకోను.

"కోడలా, ఈ కాయితం మీద ఏలిముద్ర ఎయ్యి. ఇయ్యాల్టి నుంచి ఊరి దేవతనే మొక్కుతనని రాసుంది. ఎయ్యి, అంతా మరిచిపోదాం" అన్నాడు.

"ఏలు నాదే మామా. మొక్కేది ఏలు కాదుగా" అన్నాను.

"బియ్యానికి ఆశపడి మారింది" అని వెనక నుంచి ఎవరో అన్నారు. నాకు ఒళ్ళు మండింది. ఎవరిచ్చారు నాకు బియ్యం? రోగం తగ్గితే మారిందని ఇంకొకరు అన్నారు. ఎవరి రోగం తగ్గింది? నిరుడు నాట్ల రోజుల్లో నా కూతురు అమ్ముకు జ్వరం మెదడుకెక్కితే సుక్మా ఆసుపత్రిలో పన్నెండు రోజులు మంచం పక్కన కూర్చున్నాను. ఏడేళ్ళ పిల్ల. నేను చేసిన ప్రార్థనలకు లెక్కలేదు. అయినా పోయింది. ఆ రోజు నేను దేవుణ్ణి తిట్టినన్ని తిట్లు ఈ ఊళ్ళో ఎవరూ తిట్టి ఉండరు. తిట్టీ తిట్టీ అలిసిపోయాక చూసుకుంటే, అన్నీ వింటూ నా పక్కన కూర్చున్నది ఆయనొక్కడే. నాకు అందిన లాభం అదీ. దాన్ని వేలిముద్ర వేసి వెనక్కి ఇచ్చేయమంటే ఎలా ఇస్తాను?

కాగితం మడిచి పటేల్ చేతిలో పెట్టి ఇంటికి వచ్చేశాను. ఆ సాయంత్రమే బంద్ మొదలైంది.

వానలు పడ్డాయి. నారు పోశాం. నారు బాగానే లేచింది, కానీ నారు ఎవరి కోసమూ ఆగదు. ఇరవై అయిదు రోజులకు పీకి నాటాలి. నలభై దాటితే ముదిరిపోతుంది, నాటినా గింజ పట్టదు. మాకున్నది ఎకరన్నర. ఆ గింజ రాకపోతే వచ్చే ఏడాది మా ఇంట్లో అన్నం ఉండదు. ముత్తయ్య మా ఎడ్లతోనే దమ్ము చేశాడు. నాట్లకు మాత్రం ఆడవాళ్ళు కావాలి. మా ఊళ్ళో నాట్లకు కూలి ఇవ్వరు, బదులు వెళ్తారు. నీ మడిలో నేనొక రోజు నాటితే నా మడిలో నువ్వొక రోజు నాటాలి. మాట బంద్ అయిన మనిషి మడిలోకి బదులు ఎవరొస్తారు?

"ఏలిముద్రే గదనే. ఏత్తే ఏం పోతది? లోపల నీ దేవుడు నీకుండనే ఉంటడు" అన్నాడు ముత్తయ్య ఒకరోజు. ఆయన అంత పొడుగు మాట మాట్లాడి నాలుగేళ్ళయింది. నారు చూసి ఎంత భయపడ్డాడో నాకు తెలిసింది.

"నిన్ను కాదని ఊళ్ళో కాయితం మీద ఏలిముద్ర ఏసి, ఇంట్లో నీతోనే కాపురం జేత్తే ఊరుకుంటవా?" అన్నాను. మళ్ళీ ఆ మాట ఎత్తలేదు.

ఆ రోజు నారుమడి గట్టు మీద కూర్చుని గట్టిగా ప్రార్థన చేశాను. మనుషులను పంపమని అడిగాను. అడుగుతూ ఉంటే ఒక సంగతి గుర్తొచ్చింది. నిరుడు నేను సుక్మాలో ఉన్నప్పుడు నా మడి నాటింది ఎవరు? మాడ మామ భార్య పార్వతమ్మ అత్త తొమ్మిది మంది ఆడవాళ్ళను వెంటబెట్టుకుని వచ్చి ఒక్క రోజులో నాటి వెళ్ళింది. నేను పిల్ల లేకుండా తిరిగొచ్చేసరికి మడి పచ్చగా ఉంది. ఆ బదులు నేను ఇంతవరకూ తీర్చలేదు. పది మందికి పది రోజులు బాకీ పడి ఉన్నాను. ఆ పది రోజులు అలాగే పెట్టుకుని నేను దేవుణ్ణి మనుషులను పంపమని అడుగుతున్నానా? సిగ్గేసింది.

మర్నాడు పొద్దున్నే మాడ మామ మడిలో నాటు. పిలవకుండానే వెళ్ళాను. చీర ఎగ్గట్టి మడిలో దిగాను. పది మంది ఆడవాళ్ళూ బిగుసుకుపోయారు. పార్వతమ్మ అత్త నా వైపు చూడలేదు, కానీ వరసలో కాస్త పక్కకు జరిగింది. జరగడం మాట కాదు కనుక తప్పు కిందకు రాదు. ఆ సందులో నిలబడి నాటడం మొదలుపెట్టాను.

మాడ మామ గట్టు మీదకొచ్చి చూశాడు. మొహం ఎర్రబడింది. నన్ను పొమ్మనాలి. పొమ్మంటే నాతో మాట్లాడినట్టు. "ఆమెను పొమ్మని ఎవరన్నా చెప్పుండ్రి" అన్నాడు. ఎవరు చెప్తారు? చెప్పినవాళ్ళు మేకపోతును కోయాలి. అందరూ తలలు వంచుకుని నాటుతూనే ఉన్నారు. కాసేపు అటూ ఇటూ తిరిగి వెళ్ళిపోయాడు.

మధ్యాహ్నం అందరూ ఒకచోట కూర్చుని తిన్నారు. నేను దూరంగా గట్టు మీద నా అంబలి దుత్త ముందు పెట్టుకుని అందరికీ వినపడేలా ప్రార్థన చేశాను. "ప్రభువా, ఈ మడిని దీవించు. ఈ మడి ఆసామిని దీవించు. ఆయన కోపాన్ని కూడా నువ్వే చూసుకో." దేవుడితో మాట్లాడటం బంద్ చేయడం పంచాయితీ మరిచిపోయింది. జయ అనే కొత్త కోడలు నవ్వాపుకోలేక అన్నం నోట్లో పెట్టుకుని దగ్గింది.

అలా పది రోజులు పది మడుల్లో నాటాను. ఒక్కరూ పలకలేదు. నడుములు పడిపోయేలా వంగి ఊరి మడులన్నీ నింపి ఇంటికొస్తూ రోజూ నా నారు చూసుకునేదాన్ని. పొడుగైంది, మెడలు వాల్చింది, కొనలు పసుపెక్కాయి. "మనది ఎండబెట్టుకుంట ఊరోళ్ళకు నాటుతన్నవ్" అని ముత్తయ్య అనలేదు. అంటే బాగుండేది, తిరిగి నాలుగు అనేదాన్ని. భయం లేదా అంటే ఎందుకు లేదు, ఉంది. భారం దేవుడి మీద వేశాను. వేసి ఊరుకోలేదు, పొద్దునా సాయంత్రం ఆయనకు గుర్తు చేస్తూనే ఉన్నాను.

పాస్టరు గారు ఫోన్ చేసి కలెక్టరుకు అర్జీ పెడదామన్నారు. "పెట్టండి అయ్యగారూ, కానీ అర్జీ వచ్చి నాటు వేయదు" అన్నాను.

పదకొండో రోజు నారుకు ముప్పై ఎనిమిది రోజులు. పొద్దున్నే ముత్తయ్య నారు పీకి కట్టలు మోశాడు. నేనొక్కదాన్నే ఎకరన్నర మడిలో దిగాను. ఒక్క మనిషి నాటితే పది రోజులు పడుతుంది. తెలుసు. అయినా దేవుడు అడిగితే నా వంతు నేను చేశానని చెప్పుకోవాలి. తల ఎత్తకుండా నాలుగు వరసలు నాటాను.

నీళ్ళలో అడుగుల చప్పుడైంది. ముత్తయ్య అనుకున్నాను. తల ఎత్తితే పార్వతమ్మ అత్త. వెనక ముసలి మంగు, జయ, ఇంకా ఏడుగురు. నా గొంతులోకి వంద మాటలు ఒక్కసారే వచ్చాయి. నోరు తెరిచాను. పార్వతమ్మ అత్త బురద వేలు తన పెదవుల మీద పెట్టుకుని కళ్ళెర్రజేసింది. అర్థమైంది. నేను పలికితే ఎవరో ఒకరు బదులు పలుకుతారు, పలికితే మేకపోతు. నోరు మూసుకున్నాను. ఏడుపు వస్తుంటే ముక్కు చీది పనిలో పడ్డాను. పది మంది ఆడవాళ్ళ మధ్య మాట లేకుండా నాటడం నా జన్మలో అదే మొదలు. పురిటి నొప్పులు కూడా అంత కష్టంగా లేవు.

మధ్యాహ్నానికి సగం మడి నిండింది. అప్పుడొచ్చాడు మాడ మామ. గట్టు మీద నిలబడి భార్యను దోర్లిలో కేకలేశాడు. ఆమె తల ఎత్తలేదు.

"తప్పు చేత్తన్నరు మీరంతా" అన్నాడు తెలుగులో.

జయ నడుము మీద చేయి వేసుకుని లేచింది. "మేం మాట్లాడలే మామా. నాటుతన్నం. నిప్పు బంద్ అన్నవ్, నీళ్ళు బంద్ అన్నవ్, మాట బంద్ అన్నవ్. నాటు బంద్ అని చెప్పలే."

"నిరుటి బదులు అయిపోయింది గదా. మళ్ళెందుకొచ్చిండ్రు?" అన్నాడు.

"నిరుడు మేం నాటింది బదులుకు కాదు, పిల్ల ఆసుపత్రిల ఉందని. ఈ ఏడు మన మడుల్లో పది రోజులు నాటిపోయింది. ఆ బదులు ఊరు ఉంచుకోదు" అంది పార్వతమ్మ అత్త నారు గుచ్చుతూనే.

మాడ మామకు ఆ మాట తగిలింది. బదులు ఎగ్గొట్టిన పటేల్ అనిపించుకోవడం అతనికీ ఇష్టం లేదు. ఏం చేయాలో తెలియక, కోపం ఎవరి మీద పెట్టాలో తెలియక నా వైపు తిరిగాడు.

"సమ్మక్కా, నువ్వన్నా చెప్పు, ఆళ్ళను ఇళ్ళకు పొమ్మను" అన్నాడు.

మడి అంతా ఆగిపోయింది. పదకొండు తలలు ఒకేసారి లేచాయి. గట్టు మీద ముత్తయ్య చేతిలోని కట్ట జారి నీళ్ళలో పడింది. మాడ మామ మా మొహాలు చూసి, తను ఏమన్నాడో తనే మళ్ళీ విన్నట్టు చేయి నోటికి అడ్డం పెట్టుకున్నాడు.

నడుము నిటారు చేశాను. తొందరపడలేదు. ఇన్నాళ్ళు ఆగినదాన్ని, ఇంకో క్షణం ఆగలేనా?

"మాట్లాడినవ్ మామా" అన్నాను.

మంగు ముసలి బోసి నోటితో నవ్వడం మొదలుపెట్టింది.

"తప్పు కట్టాలె. ఊరందరికీ అన్నం పెట్టాలె. ఊరందరికీ అన్నది నువ్వే. నేనూ ఊరే. నాకు మాంసం వద్దు, వట్టన్నం చాలు. కానీ నా ఇస్తరాకు వరసలో ఎయ్యాలె. పక్కకు కాదు, వరసలో. ఏలిముద్ర మాత్రం ఇయ్యాల ఎయ్య, ఎన్నడూ ఎయ్య."

మాడ మామ నన్నూ, మడినీ, తన భార్యనూ చూసి గట్టు దిగి వెళ్ళిపోయాడు. ఆ నడకలో కోపం ఉందో సిగ్గుందో నాకు తెలియలేదు. ఆకు సంగతి ఇంకా తేల్చలేదు. తేల్చేదాకా వదలను.

"ఏందే అట్ల నిలబడ్డవ్, కట్టలందుకో. నారు ముదిరి సచ్చింది" అంది పార్వతమ్మ అత్త, నాతోనే, నా మొహంలోకి చూసి. పటేలే మాట్లాడాక ఇంకెవరికి భయం?

కట్ట అందుకున్నాను. పొద్దు గూకే లోపల మడి నిండింది. నేను మాత్రం నోరు మూయలేదు.