సూరి చేతిలో పగ్గం

అప్పలసూరికి అనుమానం పుట్టడానికి కారణం అక్కర్లేదు, ఎదురుగా మనిషి ఉంటే చాలు. పాలవాడు పది నిమిషాలు ముందొస్తే అనుమానం, ఆలస్యంగా వస్తే మరీ అనుమానం. ముప్పయ్యేళ్లు హైదరాబాద్ రేసు లాయాల్లో గుర్రాలు చూసుకునే సైసుగా బతికినవాడికి ఈ జబ్బు అంటుకోకపోతేనే ఆశ్చర్యం. పందెం గుర్రం చుట్టూ తిరిగేవాళ్లలో దాన్ని ప్రేమించేవాళ్ల కంటే దాని నోట్లో ఏదో ఒకటి పెట్టాలని చూసేవాళ్లే ఎక్కువని అతను కళ్లారా చూశాడు. అందుకే తన గుర్రం తాగబోయే నీళ్లు ముందు తను తాగేవాడు. లోకంలో అతను నమ్మింది ఒక్కదాన్నే. దాని పేరు డాల్ఫిన్స్ నోస్.

విశాఖ రేవులో ఓడల సరుకు దింపించే కాంట్రాక్టరు ఎడ్వర్డ్ గారు దాన్ని ఏడాది పిల్లగా కొన్నప్పుడు, ఆఫీసు కిటికీలోంచి కనిపించే కొండ పేరే పెట్టేశారు. మొదటి పందెంలో ఏడోదిగా వచ్చింది. రెండోదాంట్లో రెండోదిగా వచ్చింది. ఆ తర్వాత రెండేళ్లపాటు దాన్ని ఆపిన గుర్రం లేదు. మొత్తం పదమూడు పందేలు పరుగెత్తి పదకొండు గెలిచింది. అన్నిటికంటే పెద్ద పందెం డెర్బీ రోజున ఆఖరి మలుపు దాకా ఎనిమిది గుర్రాల వెనక ఉండి, గెలుపు గీత దగ్గరకొచ్చేసరికి ముందు ఒక్కదాన్నీ మిగల్చలేదు. ఎడ్వర్డ్ గారు ఆనందం పట్టలేక కప్పు తీసి సూరి చేతిలో పెట్టి ఫొటో తీయించారు. ఆ ఫొటోలో అందరూ కెమెరా వైపు చూస్తున్నారు. సూరి మాత్రం గుర్రానికి నీళ్ల బకెట్ పట్టుకొస్తున్న ఎవరో మనిషి వైపు చూస్తున్నాడు.

ఐదో ఏట ముందుకాలి నరం దెబ్బతింది. అక్కడితో పరుగు ఆగిపోయింది. కానీ అంతటి గుర్రానికి పరుగు ఆగాకే రెండో బతుకు మొదలవుతుంది. దాని వంశం కావాలని ఆడగుర్రాల్ని వెతుక్కుంటూ తెస్తారు. ఆవులకు చేసినట్టు సూదితో చూలు కట్టిస్తే పందెం గుర్రాల థరోబ్రెడ్ జాతిలో ఒప్పుకోరు. పుట్టిన పిల్ల పేరు జాతి పుస్తకంలోకి ఎక్కాలంటే మగగుర్రం స్వయంగా దాటాల్సిందే. ఎడ్వర్డ్ గారు తగరపువలస దగ్గర ఒక జీడితోట కొని ఫారం పెట్టించారు. సూరి సొంతూరు అక్కడికి కూతవేటు దూరం. గుర్రంతో పాటు లారీ ఎక్కి అతనూ వచ్చేశాడు.

ఫిబ్రవరిలో దాటించే సీజన్ మొదలైంది. బయటి ఫారాల నుంచి ఐదు ఆడగుర్రాలు వచ్చాయి. ఒక్కొక్కటీ ఎదకు వస్తోంది, దాటించే షెడ్డులోకి డాల్ఫిన్‌ను తీసుకెళ్తున్నారు, అది బుద్ధిగా లోపలికి వచ్చి తల దించుకుని నిలబడుతోంది. అంతే. పక్కనున్నది ఆడగుర్రమో గడ్డివామో దానికి పట్టినట్టు లేదు. ఒకటీ రెండూ కాదు, ఆరు వారాలు ఇదే వరస. రక్తం పరీక్ష చేసిన పశువుల డాక్టర్ ఎవాంజలిన్ ఒంట్లో ఏ లోపమూ లేదని కాగితం మీద రాసిచ్చింది.

ఎడ్వర్డ్ గారు ఒక ఆదివారం చర్చి నుంచి నేరుగా ఫారానికి వచ్చి సూరిని పక్కకు పిలిచారు.

“ఈస్టర్ దాకా చూస్తాను సూరీ. అప్పటికీ కాకపోతే దీనికి విత్తులు తీయించి రుషికొండ బీచ్‌లో గుర్రాలు తిప్పేవాళ్లకి ఇచ్చేస్తాను. నాకిష్టమై కాదు. ఊరికే మేపుకుంటూ కూర్చునే స్తోమత నాకు లేదు.”

“ఆ కాలితో ఇసకలో తిప్పితే ఏడాది బతకదు బాబూ.”

“తెలుసు,” అన్నారు ఆయన. వెళ్లి కారెక్కారు.

ఆ రోజు నుంచి సూరికి అన్నం సయించలేదు. ఒంట్లో లోపం లేదని డాక్టరమ్మే చెప్పింది. మరి లోపం ఎక్కడుంది? ఎవరో మందు పెడుతున్నారు. పెట్టేది ఎవరో కనుక్కోవడానికి సూరి పెద్దగా కష్టపడలేదు. ఫారం మేనేజరు సన్యాసిరాజు జనవరిలోనే వచ్చాడు. అతని బావమరిదికి విజయనగరం దగ్గర ఒక మగగుర్రం ఉంది. డాల్ఫిన్ పనికిరాదని తేలితే ఈ ఐదు ఆడగుర్రాలూ అక్కడికే వెళ్తాయి. పైగా ఆ మనిషి ఫోనొస్తే వేపచెట్టు దాకా నడిచి వెళ్లి మాట్లాడతాడు. మంచివాడికి వేపచెట్టుతో పనేమిటని సూరి ప్రశ్న.

దాణా గదికి కొత్త తాళం పడింది. తాళంచెవి సూరి మొలతాడుకు చేరింది. ఉలవలు తనే ఉడికించి, ఒక గుప్పెడు తను తిని, అరగంట ఆగి, తనకేమీ కాకపోతే గుర్రానికి పెట్టాడు. షెడ్డులో పగ్గం మొదటి నుంచీ అతని చేతిలోనే ఉంది, ఇప్పుడు దాన్ని ఇంకొకరిని తాకనివ్వలేదు. ఆడగుర్రం వచ్చిన ప్రతిసారీ డాల్ఫిన్ మెడ పక్కనే నిలబడి, అటూ ఇటూ ఎవరి చేతుల్లో ఏముందో చూస్తూ, పగ్గాన్ని మరింత పొట్టిగా పట్టుకునేవాడు.

“ఒక్కసారి నాకియ్యి సూరీ, నేను పట్టుకుని చూస్తాను,” అని సన్యాసిరాజు రెండుసార్లు అడిగాడు.

“ఎందుకండి?”

“కొత్త చెయ్యి పడితే మార్పేమైనా ఉంటుందేమోనని.”

“ఆ కొత్త సెయ్యే నాకు బెంగండి రాజుగారూ,” అన్నాడు సూరి, కళ్లలోకి చూస్తూ. సన్యాసిరాజు మొహం కందగడ్డలా అయింది గానీ మాట తూలలేదు. తూలకపోవడం కూడా సూరికి నచ్చలేదు. తప్పు చేయనివాడైతే తిట్టాలి కదా.

ఈస్టర్ ఇంకా పది రోజులుందనగా సూరికి ఒక ఆలోచన తట్టింది. ఓట్సు మూటలోంచి నాలుగు గుప్పెళ్లు తీసి తువ్వాల్లో కట్టుకున్నాడు. చెల్లెలి మొగుడు అర్జునరావు స్టీల్ ప్లాంటు లేబ్‌లో పనిచేస్తాడు. అంత పెద్ద ఫ్యాక్టరీలో అంత పెద్ద లేబ్ పెట్టుకున్నవాళ్లకి గింజల్లో మందు ఉందో లేదో చెప్పడం ఒక లెక్కా అనుకున్నాడు. తెల్లారగానే బయల్దేరి, మూడు బస్సులు మారి, ఉక్కునగరంలో క్వార్టరు తలుపు కొట్టేసరికి అర్జునరావు నైట్ షిఫ్ట్ దిగి అప్పుడే పడుకున్నాడు.

తువ్వాలు విప్పి చూసి అర్జునరావు నవ్వు ఆపుకున్నాడు. నవ్వితే సూరి ఇంకో నెల ఇంటికి రాడని అతనికి తెలుసు.

“మా లేబ్‌లో బొగ్గులో బూడిదెంతుందో, ఖనిజంలో ఇనుమెంతుందో సూత్తాం బావా. గుర్రం తిండి మేమేటి సూత్తాం?”

“మందు కలిస్తే తెలీదేటి మీ మిషన్లకి?”

“తెలీదు బావా. నీకు ఎవులి మీద అనుమానం?”

“నీ మీద తప్ప అందరి మీదా.” సూరి తువ్వాలు ముడేసుకున్నాడు. చెల్లెలు కాఫీ ఇస్తే సగం తాగి లేచాడు. గుర్రాన్ని వదిలి ఇంతసేపు ఎప్పుడూ ఉండలేదు. బస్సు ఆగిన ప్రతిసారీ ఇంకెంత దూరమని కండక్టర్ని అడుగుతూనే ఉన్నాడు.

మధ్యాహ్నం ఫారం గేటు దగ్గరే దాలయ్య ఎదురొచ్చాడు. ఆడగుర్రాల్ని చూసుకునే ముసలాయన, ఎప్పుడూ మొహం ముడుచుకునుండే మనిషి, ఇప్పుడు బోసినోరు తెరిచి నవ్వుతున్నాడు.

“సూరీ, నీ గుర్రం మొగోడైపోనాది. పొద్దున్న షెడ్డులోకి రాగానే దాటేసినాది.”

ఇన్ని వారాలుగా ఆ మాట కోసమే ఉపవాసాలున్న మనిషి సంతోషంతో ఎగరలేదు. అడిగిన మొదటి ప్రశ్న ఇది.

“పగ్గం ఎవులు పట్టినారు?”

“రాజుగారు.”

సూరికి అంతా అర్థమైపోయింది. తను గేటు దాటిన వెంటనే ఏదో సూది పొడిచారు. ఇన్నాళ్లూ పడుకోబెట్టింది వాళ్లే, ఇప్పుడు లేపిందీ వాళ్లే. రేపు ఆ మందు గుండెకు కొడితే ఏ బీచూ అక్కర్లేకుండానే పోతుంది గుర్రం. నేరుగా షెడ్డు వెనక్కి వెళ్లి చెత్తడబ్బా బోర్లించి, రెండు చేతులతో కెలకడం మొదలుపెట్టాడు.

“ఏం వెతుకుతున్నావ్ సూరీ?” ఎవాంజలిన్ గొంతు.

“సూది కోసం డాక్టరమ్మా.”

ఆమె కోప్పడలేదు. తను కూడా చెత్త పక్కనే గొంతుక్కూర్చుంది. పొద్దుటి నుంచీ తను ఇక్కడే ఉన్నానని, సూదీ లేదు మందూ లేదని, కావాలంటే ఈ క్షణమే రక్తం తీసి ఏ పరీక్షకైనా పంపిస్తానని చెప్పింది. సూరి ఆమె చేతుల వైపు చూశాడు. ఆమె ఆ చూపు పట్టించుకోకుండా ఇంకో సంగతి అడిగింది.

“రేసుల్లో ఉన్నప్పుడు ఆడగుర్రాన్ని చూసి ఇది సకిలించేదా?”

“సిన్నప్పుడు సకిలించేదండి. మగపిల్లలన్నీ అంతే గదా. పందేనికి ముందే గెంతి గెంతి సెమటలు కారిపోతే ఇంకేటి పరిగెడతాయండి?”

“నువ్వేం చేసేవాడివి?”

సూరి గొంతులో కొంచెం గర్వం వచ్చింది. “కొట్టనేదండి. ఒక్క దెబ్బ ఎయ్యనేదు. పగ్గం పొట్టిగా పట్టుకుని, సెవిలో ‘తప్పు నానా’ అనీవాణ్ని. మొదట్లో పదిసార్లు అనాల్సొచ్చీది. తరవాత నాను పక్కనుంటే సాలు, తలొంచుకుని నడిసీది. మా ట్రైనరు అందరికీ నన్ను సూపించి సెప్పీవోరు, ఈ గుర్రం గెలిసింది ఆ సైసు వల్లేనని.”

చెప్పడం ఆపేశాక తను చెప్పింది తనకే వినపడింది. చెత్తలోంచి చేతులు బయటికి తీశాడు.

“నాలుగేళ్లు నేర్పావు,” అంది ఎవాంజలిన్ నెమ్మదిగా. “నువ్వు పక్కనుంటే దానికి ఇప్పటికీ అది తప్పే.”

సూరి నమ్మలేదు. అంత సులువుగా నమ్మితే అతను సూరి కాడు. ఎల్లుండి అదే ఆడగుర్రాన్ని మళ్లీ దాటించాలి కదా, అప్పుడు తన కళ్లతో చూస్తానన్నాడు. చూడమంది డాక్టరమ్మ.

మూడోనాడు పొద్దున్న సన్యాసిరాజు పగ్గం పట్టుకుని డాల్ఫిన్‌ను షెడ్డులోకి తెచ్చాడు. తెచ్చాడనడం కంటే అదే అతన్ని ఈడ్చుకొచ్చిందనాలి. మెడ విల్లులా వంచి, నేల అదిరేలా గిట్టలు కొడుతూ, సూరి జన్మలో వినని గొంతుతో సకిలించింది. ఇంత గొంతు లోపల పెట్టుకుని నాలుగేళ్లు ఎలా ఉందో.

గుర్రానికి వాసన తగలని తడికె చాటు నుంచి వచ్చి సూరి పగ్గం అందుకున్నాడు. ఈసారి పొట్టిగా పట్టలేదు, పెదవి కదపలేదు. గుర్రం అతని చొక్కా వాసన చూసింది. మెడ దిగింది. గిట్టలు ఆగాయి. మూతి తెచ్చి అతని భుజం మీద ఆనించి, కళ్లు సగం మూసుకుని, డెర్బీ రోజున నిలబడ్డంత బుద్ధిగా నిలబడింది. అవతల ఆడగుర్రం తోక పక్కకు పెట్టి ఎదురుచూస్తోంది. ఒక నిమిషం గడిచింది. రెండు గడిచాయి. డాల్ఫిన్ కదల్లేదు.

సూరి ఆ బరువుని భుజం మీద ఇంకొంచెంసేపు ఉంచుకున్నాడు. తర్వాత పగ్గం సన్యాసిరాజు చేతిలో పెట్టి, షెడ్డు దాటి, గోడ దాటి, గడ్డివాముల వెనక్కి వెళ్లి నిలబడ్డాడు. కాసేపటికి గిట్టల చప్పుడు, సకిలింపు, దాలయ్య కేక వినిపించాయి. చెవులు మూసుకోవాలనిపించింది. మూసుకోలేదు.

సాయంత్రం ఎడ్వర్డ్ గారు ఫోన్ చేసి ఆడగుర్రాల్ని చూసుకుంటూ ఫారంలోనే ఉండిపొమ్మన్నారు. కుదరదన్నాడు సూరి.

“గాలి ఎటు తిరిగితే అటు నా వాసన ఎల్తాది బాబూ. మొదటి రోజే దగ్గితే గుర్తుపట్టేత్తాది. నాను ఈ సుట్టుపక్కలే ఉండకూడదు.”

“అయితే రేవులో గోడౌన్ దగ్గరికి రా.”

“అలగేనండి.”

మర్నాడు పొద్దున్న దాణా గది ముందు సన్యాసిరాజును కూర్చోబెట్టి సూరి పాఠం చెప్పాడు. చెవుల వెనక గోకితే ఇష్టం, చెవులు ముట్టుకుంటే కోపం. రేకుల మీద వాన పడితే బెదురుతుంది, అప్పుడు ఊరికే పక్కన నిలబడితే చాలు. ముందు ఎడంకాలికి రోజూ చన్నీళ్లు. బెల్లం మంగళవారం ఒక్కరోజే, లేకపోతే అలవాటు పడి చేతులు వెతుకుతుంది. సన్యాసిరాజు ఫోన్ తీసి అన్నీ రాసుకున్నాడు.

“నన్ను దొంగలా చూశావు కదా సూరీ. ఇవన్నీ నాకెలా చెప్తున్నావ్?”

“ఇప్పుడుకీ నమ్మనండి మిమ్మల్ని. మీరు వేపసెట్టు కాడికెల్లి ఎవులితో మాటాడతారో నాకు తెల్దు. గానీ అది మీ సేతిలో బతుకుతాది, నా సేతిలో బతకదు.”

సన్యాసిరాజు తల వంచుకున్నాడు. “నీ మాట విన్నట్టు నా మాట వినకపోతే?”

“ఇనకపోతేనే మంచిదండి,” అన్నాడు సూరి.

లాయం వైపు వెళ్లలేదు. వెళ్తే ఏదో ఒకటి అంటాడు, అంటే అది వింటుంది. సంచి భుజాన వేసుకుని గేటు దాటి రోడ్డెక్కాడు. బస్టాపు దాకా నడిచాడో లేదో వెనక నుంచి సకిలింపు వినిపించింది. లారీ అడ్డొచ్చినా వినపడేంత గట్టిగా సకిలించింది. తను వెళ్లిపోతున్నాడని తెలిసి పిలిచిందో, కొత్త ఆడగుర్రం దిగిందని పిలిచిందో సూరికి తెలియలేదు. ఆడగుర్రం కోసమే కావాలని దేవుణ్ని మొక్కుకున్నాడు. అలా మొక్కుకోవాల్సి వచ్చినందుకు, తువ్వాలు మొహానికి అడ్డం పెట్టుకుని, బస్టాపులో అందరూ చూస్తుండగా ఏడ్చాడు.