కుప్పంలో తప్పిపోయిన మూడు గుర్రాలు

పుంగనూరులో బాబు సాహెబ్ షెడ్డులో ఇంజను విప్పి బిగించిన ఏ బండికైనా బానెట్ ఎత్తి చూడండి. ఇంజను పక్కన పసుపు పెయింటుతో చిటికెన వేలి గోరంత చుక్క ఉంటుంది. గ్యారంటీ కార్డూ సంతకమూ అన్నీ ఆ చుక్కే. మదనపల్లెలో ఉన్న నా పాత కారుకూ ఉంది. చుక్క ఉన్న బండి దారిలో ఆగిపోయిందని ఫోనొస్తే బాబు సాహెబ్ అన్నం మధ్యలోనైనా లేచి వస్తాడు.

ముప్పై ఎనిమిదేళ్లుగా ఆ చుక్క పెట్టింది ఆయన చెయ్యి ఒక్కటే. కూతురు మునీరా పాలిటెక్నిక్ చదివి, పదేళ్లుగా అదే షెడ్డులో పని చేస్తోంది. ఆమె బిగించిన ఇంజన్లకు కూడా చివర్లో ఆయనే వచ్చి, చెవి ఆనించి విని, చుక్క పెట్టి వెళ్తాడు. అప్పుడు మునీరా స్పానరును కొంచెం గట్టిగా కింద పెడుతుంది.

ఈ మధ్య పేతురు జీపు వచ్చింది. పేతురుది సోమల దగ్గర పల్లె. టమాటా చేను కొండకు అవతల ఉంది. పండిన కాయను పెట్టెల్లో నింపి, రాళ్ల దారిలో కొండ ఎక్కించి ఇవతలికి తేవాలి. నాలుగు చక్రాలూ లాగే పాత డీజిల్ జీపు తప్ప ఆ దారిలో ఏదీ రాదు. ఆ జీపు కూడా ఇరవై పెట్టెలేస్తే సగం కొండలో నిలబడి ఆయాసపడుతోంది. మునీరా దాని డీజిల్ పంపు సరిచేసి, ఇంజనుకు ఎక్కువ గాలి అందించే టర్బో ఒకటి పెడతానంది.

"ముసలోనికి బలం మందు తాపినట్ల ఉండాది నీ యవ్వారం" అన్నాడు బాబు సాహెబ్.

"కొందరు ముసలోళ్లకు తాపితే బాగుంటాది అబ్బా" అంది మునీరా.

ఆ మాటకు పేతురు నవ్వేశాడు. బాబు సాహెబ్ నవ్వలేదు.

"నాకు మాటలొద్దు. కుప్పంలో మిషన్ ఉండాదన్నావే, అది చెప్పనీ. ముందుకంటే బలం ఎక్కువొస్తే ఈ జీపుకు చుక్క నువ్వే పెట్టు. ఇంకమీదట నీ ఇంజన్లకన్నిటికీ నువ్వే పెట్టు. తగ్గిందంటే అదంతా విప్పేసి, ఇంజన్ల జోలికి పోకుండా స్పేర్ పార్టుల కౌంటర్లో కూసో."

"సరే అబ్బా" అంది మునీరా.

ఆ మిషన్ సంగతి మునీరాకు చెప్పింది నేనే. మదనపల్లెలో ముప్పై ఏళ్లు ఫిజిక్స్ పాఠం చెప్పాను. నా దగ్గర చదువుకున్న భార్గవి ఇప్పుడు కుప్పంలో ఒక ఇంజనీరింగ్ కాలేజీలో ల్యాబ్ చూస్తోంది. అక్కడ డైనో ఉంది. నేలలో రెండు రోలర్లు ఉంటాయి. బండి వెనక చక్రాలను వాటి మీద నిలబెట్టి, కదలకుండా పట్టీలతో కట్టేసి, యాక్సిలరేటర్ తొక్కుతారు. బండి ఉన్నచోటే ఉంటుంది, చక్రాలు రోలర్లను తిప్పుతాయి. ఎంత బలంగా తిప్పాయో కంప్యూటర్ గీత గీసి, హార్స్‌పవర్ లెక్క చెబుతుంది. టర్బో పెట్టకముందు ఒకసారి తీసుకెళ్లి చూపించాం. యాభై రెండు వచ్చింది. నెల తర్వాత పని పూర్తయ్యాక మళ్లీ బయల్దేరాం.

ఆ పొద్దున నేను మదనపల్లె నుంచి మొదటి బస్సుకు పుంగనూరు చేరాను. చేతిలో ఫ్లాస్కు, రెండు స్టీలు గ్లాసులు. నా భార్య ప్రసన్నలక్ష్మి పోయి నాలుగేళ్లయినా ప్రయాణానికి రెండు గ్లాసులు సర్దుకునే అలవాటు పోలేదు. అదీ ఒకందుకు మంచిదే. రెండో గ్లాసుకు ఎప్పుడూ ఎవరో ఒకరు దొరుకుతారు.

పేతురు అప్పటికే జీపుతో వచ్చి ఉన్నాడు. ముందురోజు సాయంత్రం బండి ఊరికి తీసుకెళ్లి, రెండు పెట్టెల పండు టమాటా వేసుకొచ్చాడు.

"భార్గవమ్మకు. పోయినసారి మన టమాటా బాగుందనింది గదా" అన్నాడు.

బాబు సాహెబ్ ముందు సీట్లో కూర్చున్నాడు. మునీరా, నేను, టమాటాలు వెనక. పలమనేరు దాటేసరికి నాకు ఆశ్చర్యం వేసింది. నా నడుము సంగతి నాకు తెలుసు. జీపులో పది కిలోమీటర్లు పోతే మూడు రోజులు మాట్లాడుతుంది. ఆ రోజు ఒక్క మాట అనలేదు.

"మునీరా, ఇంత మెత్తగా పోయే జీపు నేనెప్పుడూ ఎక్కలేదమ్మా" అన్నాను.

మునీరా సంతోషపడింది. "ఇంజను నున్నగా తిరగతాండాది సార్" అంది.

పేతురు అద్దంలో మమ్మల్ని చూసి నవ్వాడు.

భార్గవి మాకోసం ల్యాబ్ తెరిచి ఉంచింది. పదకొండున్నరకు విద్యార్థులొస్తారు, అంతలోపు ముగించాలంది. జీపును రోలర్ల మీదికి ఎక్కించి పట్టీలు బిగించారు. మునీరా స్టీరింగ్ ముందు కూర్చుంది. చెవులు చిల్లులు పడే చప్పుడు. మిక్సీలో పప్పు వేసినట్టు కిటికీ అద్దాలు గడగడలాడాయి. గీత తెర మీద పైకి పాకింది, పాకింది, చివర్లో వాలిపోయింది.

నలభై తొమ్మిది.

 ప్రింటరు తన పని తాను చేసుకుంటూ కాగితం బయటికి నెట్టింది.

బాబు సాహెబ్ ఆ కాగితం తీసుకుని దూరంగా పెట్టి చూశాడు. "యాభై రెండు గుర్రాలు తోలుకోని పోతే నలభై తొమ్మిది తిరిగొచ్చినాయి. మూడు గుర్రాలు యాడ తప్పిపోయినాయి మా?" అన్నాడు కూతురితో. ఎగతాళిగానే అన్నాడు గానీ ఆయన ముఖంలో గెలుపు లేదు. ఓడిపోయేది కూతురే అయితే ఏ తండ్రికీ గెలుపు రుచించదు కాబోలు.

మునీరా జీపు దిగి, చేతులు పాత గుడ్డకు తుడుచుకుంటూ నిలబడింది. తుడిచిన చేతులనే మళ్లీ మళ్లీ తుడుస్తోంది.

ఏదో ఒకటి చెప్పాలని నేను గొంతు సవరించుకున్నాను. "ఇవాళ ఎండ ఎక్కువగా ఉంది. వేడిగాలి పల్చన. ఇంజనుకు ప్రాణవాయువు తక్కువ అందుతుంది. పోయిన నెల చల్లగా..."

"సార్," అంది భార్గవి మొహమాటంగా, "వేడి, గాలి ఒత్తిడి అన్నీ కంప్యూటరే సరిచేసి చూపిస్తుంది. అది ఎలా సరిచేయాలో మాకు మీరే చెప్పారు."

ముప్పై ఏళ్ల పాఠం నాకే తిరిగి వచ్చింది. ఫ్లాస్కు తెరిచి టీ పోశాను. ఒక గ్లాసు మునీరాకు ఇచ్చాను. తాగలేదు, పట్టుకుంది.

రెండో గ్లాసు పట్టుకుని, పాత కాగితం, కొత్త కాగితం పక్కపక్కన పెట్టుకుని కూర్చున్నాను. చివరి అంకె ఒక్కటే చూస్తే ఎవరికైనా బాబు సాహెబ్ చెప్పిందే నిజం. గీత మొత్తం చూస్తే వేరే కథ ఉంది. ఇంజను నెమ్మదిగా తిరుగుతున్నప్పుడు కొత్త గీత పాతదానికంటే బాగా పైన ఉంది. చక్రాల వేగం పెరిగేకొద్దీ రెండూ దగ్గరికొచ్చి, చివర్లో కొత్తది కిందికి పడిపోయింది. వేగం పెరిగితే ఎక్కువ తినేది ఏదో ఉంది.

కాగితం అడుగున ఇంకో అంకె ఉంది. క్లచ్ తొక్కిపట్టి ఉంచాక రోలర్లు తమంతట తాము ఆగడానికి పట్టిన సమయం. పోయిన నెల నలభై రెండు సెకన్లు. ఇవాళ ఇరవై ఏడు.

"బాబు సాహెబ్, క్లచ్ తొక్కితే ఇంజనుకూ చక్రాలకూ సంబంధం ఉంటుందా?" అని అడిగాను.

"ఉండదు సారూ. పిల్లోళ్లకు తెలిసిన సంగతే గదా."

"మరి ఇంజను సంబంధం లేనప్పుడు కూడా చక్రాలు పోయిన నెలకంటే ముందే ఆగిపోయాయి. ఎవరో పట్టుకున్నట్టు. మూడు గుర్రాలనూ తిన్నది ఇంజను కాదు. దాని కిందిది ఏదో."

మునీరా గ్లాసు కింద పెట్టేసింది. "బ్రేకు పట్టుకోనుండాదేమో" అంటూ వెనక చక్రం దగ్గర మోకాళ్ల మీద కూర్చుని బ్రేకు డ్రమ్ము మీద చెయ్యి పెట్టింది. చల్లగా ఉంది. తర్వాత టైరు మీద పెట్టింది. చటుక్కున చెయ్యి వెనక్కి తీసుకుంది.

"కాలతాండాది!"

లేచి నిలబడింది. ఒక్కసారిగా ఆమెకు మాట తిరిగొచ్చింది.

"పేతురన్నా. వెనక టైర్లలో గాలి తీసినావా?"

పేతురు టమాటా పెట్టెల వైపు చూశాడు.

"కొంచేమే మా."

"కొంచేమంటే?"

"రాళ్ల దారి గదా. నిండా గాలుంటే బండి ఎగరతాది, పండుకాయ అడుగున సితికి రసమైపోతాది. మా ఊళ్లో అందురూ తీస్తారు. భార్గవమ్మకు రసం యాల ఇచ్చేదని..."

మునీరా గేజి పెట్టి చూసింది. ఆమె ముందురోజు ముప్పై రెండు పౌండ్ల గాలి పట్టింది. ఇప్పుడు పద్నాలుగు ఉంది. మెత్తబడిన టైరు రోలర్ల మధ్య నలిగి, నలిగి, బలాన్నంతా వేడిగా తాగేసింది. దారంతా నా నడుముకు దొరికిన సుఖం ఎవరి ఖర్చుతోనో అప్పుడు అర్థమైంది. మెచ్చుకున్నది నేనే కాబట్టి నేరంలో నాకూ వాటా ఉంది.

"నీ కాయ మీద ఉండే దయ నా మీద లేకపాయె గదన్నా" అంది మునీరా. తిట్టినట్టే ఉంది గానీ కళ్లు నవ్వుతున్నాయి.

"ఏసయ్య సాచ్చిగా నాకు తెలీదు మా. మిషన్‌కు టైర్లతో ఏం పనని..."

పదకొండూ పది. ల్యాబ్‌లోని కంప్రెసర్‌తో గాలి పట్టి, టైర్లు చల్లారేదాకా ఆగాం.  బాబు సాహెబే వంగి పట్టీలు మళ్లీ బిగించాడు, ఒక్కొక్కటీ రెండుసార్లు లాగి చూశాడు. వాకిట్లో విద్యార్థులు గుంపుగా చేరారు. భార్గవి వాళ్లకు చెయ్యి చూపి, "ఐదు నిమిషాలు" అంది. ఇలాంటి ఐదు నిమిషాలు ఇచ్చేవాళ్లవల్లే లోకంలో చాలా పనులు జరుగుతుంటాయి.

మునీరా ఎక్కింది. మళ్లీ అదే చప్పుడు, అవే కిటికీలు. గీత ఈసారి చివరిదాకా వాలలేదు.

యాభై ఏడు.

పేతురు గట్టిగా "స్తోత్రం!" అన్నాడు. విద్యార్థులు ఎందుకో తెలియకుండానే చప్పట్లు కొట్టారు.

బాబు సాహెబ్ కాగితం తీసుకున్నాడు. చివరి అంకె చూస్తాడనుకున్నాను. చూడలేదు. గీత మొదలయ్యే చోట నల్లటి వేలు పెట్టి, "సారూ, ఈడ ఎంత ఉండాది?" అన్నాడు.

"ముందు ఇరవై. ఇప్పుడు ఇరవై తొమ్మిది."

"లోడుతో కొండెక్కేటప్పుడు ఇంజను తిరిగేది ఈ మాత్రమే. ఆ చివరి అంకె రోడ్డు మీద ఎగిరేవాళ్లకు." కాగితం జాగ్రత్తగా మడిచి జేబులో పెట్టుకున్నాడు. "పదండి" అన్నాడు, అంతే.

తిరుగు ప్రయాణంలో టైర్ల నిండా గాలి. ప్రతి గుంతా నా నడుముకు విడివిడిగా తెలిసింది.  పందెం గుర్తుచేయడం మునీరాకు ఇష్టం లేనట్టుంది, మరిచిపోయినట్టు ఉండడం బాబు సాహెబ్‌కు బాగా చేతనైనట్టుంది. నేనే గుర్తుచేద్దామా అని రెండుసార్లు నోరు తెరిచి మూశాను.

పలమనేరులో ఒక హార్డ్‌వేర్ కొట్టు ముందు బాబు సాహెబ్ బండి ఆపమన్నాడు. దిగలేదు. వెనక్కి తిరక్కుండానే అన్నాడు.

"మునీరా, పోయి పెయింటు డబ్బా తెచ్చుకో. చిన్నది."

 "షెడ్డులో పసుపు ఉండాది గదా అబ్బా" అంది మునీరా మెల్లగా.

"అది నాది. నీకేం రంగు కావాల్నో నువ్వే సూసుకో."

"ఎరుపు తేమ్మా, మా టమాటా రంగు!" అన్నాడు పేతురు.

మునీరా వెళ్లి పెద్దగా ఆలస్యం చేయకుండానే వచ్చింది. చేతిలో తెల్ల పెయింటు డబ్బా.

"తెలుపా? రెండు రోజుల్లో మసైపోతాది" అన్నాడు బాబు సాహెబ్.

"అందుకే అబ్బా. రవ్వంత ఆయిలు కారినా ఫస్టు చుక్క మీదనే కనబడతాది. పసుపులో తెలీదు."

బాబు సాహెబ్ తలపాగా సర్దుకున్నాడు. 

"ముప్పై ఎనిమిదేండ్లు. ఒక్క నాయాలు చెప్పలేదు సారూ నాకు ఈ సంగతి" అన్నాడు.

మునీరా డబ్బాను టమాటా ఖాళీ పెట్టెలో, దొర్లకుండా నా రెండో గ్లాసు ఆసరాగా పెట్టింది. పుంగనూరుదాకా దాని మీద చెయ్యి తీయలేదు.